లేని నడుము నొప్పి

గేటు గడియ చప్పుడైతే చాలు, టైలరమ్మ చేతిలో పని చేతిలోనే వదిలేసి నడుము బెల్టు కోసం పరుగెత్తేది. ఆ శుక్రవారం ఉదయమూ అంతే. మిషను మీద స్కూలు చొక్కా కాలరు సగం కుట్టి ఉంది. పొయ్యి మీద టీ మరుగుతోంది. కాలేజీకి వెళ్లాల్సిన కూతురు తడి తలతో దువ్వెన వెతుక్కుంటోంది. బయట గడియ కదిలింది. ఆవిడ పెడలు మీద నుంచి కాలు తీసి, వెనక గదిలోకి దూరి, మంచం కింద పడి ఉన్న బెల్టు లాగి, గోడవైపు తిరిగి పడుకున్న భర్త భుజం తట్టింది.

"లేవండి. వదిన వాళ్లు వస్తున్నారు. ఇది కట్టుకోండి."

ఆవిడే ఆయన్ని ఇటు దొర్లించి, అటు దొర్లించి, పసిపిల్లాడికి లాగు తొడిగినట్టు బెల్టు చుట్టి బిగించింది.

"మరీ బిగించకు," అన్నాడు గోడ వైపే చూస్తూ.

"వదులుగా ఉంటే ఏం బాగుంటుంది? ఆ మధ్య బేకరీ ఆవిడ చూసి, ఇది బెల్టా మొలతాడా అంది."

మామూలు రోజుల్లో అయితే ఆ మాటకి ఆయన ఇల్లు ఎగిరిపోయేలా నవ్వేవాడు. ఇప్పుడు కళ్లు మూసుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఆ నడుముకు ఏ జబ్బూ లేదు. స్కూలు బస్సు టైరు విప్పి, ఎవరి సాయమూ లేకుండా పక్కకి దొర్లించే మనిషి ఆయన. జబ్బు చేసింది మనసుకు. కొన్ని నెలల కిందట మొదలైంది. ముందు మాట తగ్గింది, తర్వాత తిండి తగ్గింది, ఆ తర్వాత గడ్డం గీసుకోవడం మానేశాడు. ఒకరోజు బస్సు తాళాలు యజమాని చేతిలో పెట్టి, కొన్నాళ్లు సెలవు కావాలని చెప్పి ఇంటికొచ్చి పడుకున్నాడు. ఎందుకని భార్య అడిగితే ఒక్కటే చెప్పాడు. "వెనక అంతమంది పిల్లలు కూర్చుంటారు. స్టీరింగు పట్టుకుంటే నా చెయ్యి నా మాట వింటుందన్న నమ్మకం పోయింది."

చర్చిలో ఆయన సంఘ పెద్ద. అందరూ పెద్దయ్య అనేవారు. ఎవరింట్లో జ్వరమొచ్చినా, ఎవరికి ఆపరేషన్ అయినా ముందు ఆయనకే కబురు. వెళ్లి తల మీద చెయ్యి పెట్టి, పెద్ద గొంతుతో ప్రార్థన చేసి, వాళ్లు పెట్టిన టీ తాగి, నాలుగు జోకులు వేసి వచ్చేవాడు. మనసు బాగాలేదని ఎవరైనా వస్తే మాత్రం, "ప్రార్థన తగ్గించి ఉంటావు, చూసుకో," అనేవాడు. చెడ్డగా కాదు, వీపు నిమురుతూ ప్రేమగానే అనేవాడు. ఇప్పుడు ఆ మాటే వచ్చి ఆయన గుండెల మీద కూర్చుంది. ఎంత ప్రార్థన చేసినా కదలనంది.

మరి ఈ నడుము నొప్పి ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఆరాధన ముందు పాస్టరుగారు ప్రార్థన మనవులు అడుగుతారు కదా, అక్కణ్ణుంచి వచ్చింది. పెద్దయ్య రాలేదేమని అందరూ వెనక్కి తిరిగి చూస్తుంటే టైలరమ్మ లేచి నిలబడింది. ఉన్నది ఉన్నట్టు చెబుదామనే లేచింది. పక్కనే కూర్చున్న ఆడపడుచు మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. ఆ పోటుకి నోట్లో మాట గొంతులోకి దిగిపోయి, దాని బదులు ఇంకో మాట పైకొచ్చింది. "ఆయనకి నడుం నొప్పండీ. లేవలేకపోతున్నాడు."

అంతే, సంఘం సంఘమంతా ఆ నడుమును భుజాన వేసుకుంది. ఒకరు నూనె తెచ్చారు, ఒకరు వేడినీళ్ల సంచి తెచ్చారు, ఒకరు పరుపు కింద వేసుకోమని చెక్కబల్ల మోసుకొచ్చారు. ఆ గది అలమారాలో నూనె సీసాలు చూస్తే మెకానిక్కు షెడ్డు గుర్తుకొచ్చేది. ప్రేమకేం లోటు లేదు. వచ్చిన ప్రేమంతా వెళ్లి జబ్బు లేని చోట పడుతోంది, అదే ఆవిడ ఏడుపు.

ఆ ఉదయం వచ్చింది పాస్టరుగారు, బేకరీ ఆవిడ, వాళ్లందరికీ ముందు ఆడపడుచు. మహిళా కూటమికి నాయకురాలు ఆవిడ. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. ఆవిడకి అసలు సంగతి తెలుసు. బయటివాళ్లలో తెలిసింది ఆవిడ ఒక్కదానికే.

"ఎక్కడ అన్నయ్యా నొప్పి? పైనా, కిందా?" బేకరీ ఆవిడ మంచం పక్కన స్టూలు లాక్కుని అడిగింది.

"అంతటా అమ్మా," అన్నాడు ఆయన.

ఆ ఒక్క మాటా నిజమే చెప్పాడని టైలరమ్మకు తెలిసింది. గుమ్మం పట్టుకుని నిలబడింది.

పాస్టరుగారు వయసులో చిన్నవాడు, ఉత్సాహం ఎక్కువ. పెద్దయ్యంటే ఆయనకి తండ్రి లెక్క. నడుము మీద చెయ్యి వేసి ప్రార్థన మొదలుపెట్టాడు. గొంతు పెరిగింది, చెమట పట్టింది, కళ్ల నీళ్లు కారాయి. ఆఖర్న మంచానికి ఎదురుగా నిలబడి రెండు చేతులూ చాచాడు.

"లేవండి పెద్దయ్యా. నమ్మకంతో లేవండి."

ఆయన భార్య వంక చూశాడు. ఏం చెయ్యమంటావే అన్నట్టుంది ఆ చూపు. ఆయన లేచి నిలబడ్డాడు. లేవక ఏం చేస్తాడు, నడుము బాగానే ఉందాయె. వంగమన్నారు, వంగాడు. నడవమన్నారు, కిటికీ దాకా వెళ్లి వచ్చాడు. బేకరీ ఆవిడ స్తోత్రం స్తోత్రం అంటూ ఏడ్చేసింది. ఆడపడుచు తన చేతులతో బెల్టు విప్పి మూలకి విసిరింది. పాస్టరుగారు అక్కడికక్కడే బస్సు యజమానికి ఫోను చేసి, సోమవారం నుంచి మీ డ్రైవరు వస్తున్నాడని చెప్పేశాడు.

"ఆదివారం మీరు సాక్ష్యం చెప్పాలి పెద్దయ్యా. సంఘమంతా వినాలి."

ఆయన తలూపాడు. ఇప్పుడాయన దేనికైనా తలూపుతాడు.

వాళ్లు వెళ్లాక టైలరమ్మ గదిలోకి వచ్చేసరికి ఆయన మంచం అంచున చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు, బస్టాండులో ఆఖరి బండి వెళ్లిపోయాక మిగిలిన మనిషిలా.

"ఇక పడుకోవడానికి వంక కూడా లేదు కదా," అన్నాడు.

"అదేం మాటండీ."

"నడుము నొప్పి ఉన్నన్నాళ్లూ ఈ మంచం నాది. ఇప్పుడు అదీ పోయింది. బాగైపోయిన మనిషికి మంచమెందుకు?" బస్సు ఎన్నింటికని అడిగితే చెప్పేంత మామూలుగా అన్నాడు. "నేను లేకపోతే నీకు ఈ నాటకం తప్పుతుంది. పిల్లా తలెత్తుకుని తిరగొచ్చు. కొన్నాళ్లుగా అదే ఆలోచిస్తున్నాను."

టైలరమ్మ అరవలేదు, ఏడవలేదు. ఆయన పక్కన కూర్చుని ఆయన చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. తర్వాత కూతుర్ని కేకేసి, నాన్న దగ్గర కూర్చోమని చెప్పి, వంటగదిలోకి వెళ్లింది.

ఆడపడుచు ఇంకా వెళ్లలేదు. టీ కప్పులు కడుగుతూ పాట పాడుకుంటోంది.

"వదినా, వాళ్లకి తెలియక పొంగిపోయారు. నీకు తెలుసు కదా."

"ఏం తెలుసు? లేచాడా లేదా? అది చెప్పు."

"లేవలేక పడుకోలేదు వదినా ఆయన. బతకాలని లేక పడుకున్నాడు. ఇప్పుడే నాతో అన్నాడు."

ఆడపడుచు చేతిలో కప్పు ఆగింది. మళ్లీ కదిలింది. "ఆ మాట నోటితో అనకు. అంటే అదే బలపడుతుంది. నడుమో మనసో, దేవుడికి తేడా తెలియదా? పనిలో పనిగా రెండూ బాగుచేసి ఉంటాడు."

"అయితే మరి కళ్లలో ఆ చీకటేమిటి? నువ్వు చూడలేదా?"

"చూస్తే ఏం చెయ్యమంటావు? మా తమ్ముడికి పిచ్చి అని మైకులో చెప్పమంటావా? మా నాన్న ఆ చర్చి గోడలకి ఇటుకలు మోశాడు. ఇన్నేళ్లు వాడి ప్రార్థన కోసం జనం గుమ్మంలో నిలబడ్డారు. వాళ్లంతా రేపు ఏమంటారు? ఇంతకాలం మాకు చెప్పిందంతా ఉత్తిదేనా అనరూ?"

"పిచ్చి కాదత్తా." కూతురు గుమ్మంలోకి వచ్చింది. "కంగారుపడకమ్మా, ఇక్కణ్ణుంచి నాన్న కనిపిస్తున్నాడు. అది జబ్బత్తా. మందులున్న జబ్బు. మా కాలేజీలో ఒక మేడమ్ గారు సెలవు పెట్టి వాడుకుని వచ్చి మళ్లీ పాఠాలు చెబుతున్నారు. నేను నెల నుంచి మొత్తుకుంటున్నాను, డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని."

"నువ్వు ఊరుకో. నిన్నగాక మొన్న పుట్టి నాకు చెప్పొచ్చావు."

"నిన్నగాక మొన్న పుట్టినదానికే భయమేస్తోందత్తా. మీకు వెయ్యట్లేదా?"

ఆడపడుచు కుళాయి కట్టేసింది. ఆవిడ కూడా రాయేం కాదు. చేతులు తుడుచుకుంటూ మరదలి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "వాణ్ణి నేను పెంచాను. నాకు భయం లేదా? అందుకే అడుగుతున్నాను. ఈ ఆదివారం ఒక్కటి గడవనివ్వు. అందరి ముందు నిలబడి సాక్ష్యం చెబితే ఆ మాటలే వాణ్ణి నిలబెడతాయి. అప్పటికీ కాకపోతే నీ ఇష్టం."

టైలరమ్మ సరేనంది. ఎందుకన్నదంటే, ఆవిడకీ నమ్మాలనే ఉంది. మునిగిపోయే మనిషికి ఏ కొయ్య దొరికినా అది గట్టిదో పుచ్చుదో చూసుకునే తీరికుండదు కదా.

ఆ శనివారం ఎలా గడిచిందో ఆవిడకే తెలియాలి. కుట్టుమిషను ఈడ్చుకొచ్చి ఆయన గది గుమ్మంలో వేసుకుంది. రెండు కుట్లు వేసి ఒకసారి తలెత్తేది. చొక్కా చెయ్యిని కాలరు చోట కుట్టి, విప్పి, మళ్లీ కుట్టింది. ఆయన స్నానానికి వెళితే తలుపుకు గడియ వేసుకోవద్దని బతిమాలి, బయటే నిలబడి ఏదో ఒకటి అడుగుతూ ఉండేది.

"సబ్బు ఉందా?"

"ఉంది."

"నీళ్లు వేడిగా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"తువ్వాలు తెచ్చానా?"

"నువ్వే ఇచ్చావు కదే," అన్నాడు లోపల్నుంచి. ఆవిడ భయం ఆయనకీ అర్థమైంది. అందుకని ఆయనకి ఇంకా బరువైంది.

సాయంత్రానికి కూతురు చదువుకుంటూ పుస్తకం మీదే నిద్రపోయింది. సోమవారానికి కుట్టి ఇవ్వాల్సిన బట్టలు గుట్టగా ఉన్నాయి. ఎవరినైనా వచ్చి కాసేపు కూర్చోమందామని టైలరమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. ఎవరిని పిలవాలి, ఏమని పిలవాలి? నడుము నొప్పి తగ్గిపోయిన మనిషికి కాపలా ఎందుకని అడగరూ? నిన్నటిదాకా ఇల్లు జనంతో కిటకిటలాడింది. ఇవాళ ఒక్క గుమ్మమూ తట్టడానికి వీల్లేదు. తన నోటితో తానే తన ఇంటి చుట్టూ గోడ కట్టుకుంది. ఫోను పక్కన పెట్టి, మిషను చక్రం మీద నుదురు ఆనించి, ఆయనకి వినపడకుండా ఏడ్చింది.

ఆదివారం ఆవిడే ఆయనకి గడ్డం గీసింది. తెల్లచొక్కా వేసింది. ఆ చొక్కాలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ ఉంది.

చర్చిలో మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. టైలరమ్మ ఆడపడుచు పక్కన కూర్చుంది. పాటలయ్యాయి. పాస్టరుగారు నిలబడి, పెద్దయ్య మంచం దిగిన సంగతి చెబుతుంటేనే చప్పట్లు మోగాయి. ఆయన లేచి ముందుకు వెళ్లాడు. మైకు పట్టుకున్నాడు. నోరు తెరిచాడు.

మాట రాలేదు.

కాసేపు చూశారు. ఆయన పెదవులు కదులుతున్నాయి. కళ్లల్లోంచి నీళ్లు దిగి, గీసిన చెంపల మీదుగా కారి, చొక్కా మీద పడుతున్నాయి. వెనక బెంచీల్లోంచి ఎవరో స్తోత్రం అన్నారు. కృతజ్ఞతతో మాట రావట్లేదని అందరూ అనుకున్నారు. కీబోర్డు వాయించేవాడు మెల్లగా ఒక రాగం ఎత్తుకున్నాడు. చప్పట్లు మొదలయ్యాయి. ఆయన ఏడుపు పెరిగేకొద్దీ చప్పట్లూ పెరిగాయి. గదిలో ఇరుక్కుపోయిన మనిషి లోపల్నుంచి తలుపు బాదుతుంటే, బయటివాళ్లు భలే దరువు వేస్తున్నాడని పొంగిపోయినట్టుంది.

ఆయన ఆ జనంలో భార్య కోసం వెతికాడు. కనపడింది. ఆ చూపు ఇంటికి తిరిగి వచ్చే మనిషిది కాదు.

ఆవిడ లేచింది. ఆడపడుచు చెయ్యి పట్టుకుంది. "కూర్చో. నీకు దణ్ణం పెడతాను, కూర్చో."

"వదులు వదినా. ఆయన పోతాడు."

విడిపించుకుని బెంచీల మధ్య నుంచి నడిచింది. నలుగురి ముందు గట్టిగా మాట్లాడే అలవాటు లేని మనిషి. ఆయన పక్కన నిలబడి, ఆయన చేతిలోని మైకు మీదే తన చెయ్యి వేసింది.

"ఆయన నడుముకి ఎప్పుడూ నొప్పి లేదండీ," అంది. "నేను అబద్ధం చెప్పాను."

చప్పట్లు ఒకచోట ఆగాయి, ఇంకోచోట ఇంకా మోగి, అక్కడా ఆగాయి. కీబోర్డు మధ్యలో తెగిపోయింది.

"ఆయన మనసుకి జబ్బు చేసింది. చాలా రోజులైంది. తిండి లేదు, నిద్ర లేదు. బతకాలని లేదంటున్నాడు. మీరంతా ఎంత ప్రేమగా వచ్చారో నాకు తెలుసు. నేనే మీకు జబ్బు లేని చోటు చూపించాను. సిగ్గుపడి చూపించాను. కాలు విరిగితే చెబుతాం, కడుపులో పుండైతే చెబుతాం. ఇది మాత్రం ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. విశ్వాసం లేనివాళ్లమని అంటారని భయపడ్డాను." ఊపిరి అందక ఆగింది. "ఇవాళే ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్తాను. డాక్టరు చెప్పేదాకా బస్సు ఎక్కడు. ఇంట్లో పిల్లా నేనూ వంతులేసుకుని కాపలా కాస్తున్నాం. ఇక నా వల్ల కావట్లేదండీ. నాకు సాయం కావాలి."

అంతకన్నా మాటలు లేవు ఆవిడ దగ్గర. వెనక ఎవరో గొణిగారు. ఒకాయన లేచి, భార్యని రమ్మని సైగ చేసి బయటికి వెళ్లిపోయాడు. భార్య మాత్రం వెళ్లలేదు. పాస్టరుగారి ముఖం పాలిపోయింది. మెట్టు దిగి పెద్దయ్య ముందుకి వచ్చి నిలబడ్డాడు. ఈసారి గొంతు పెంచలేదు, మైకు తీసుకోలేదు.

"లేవమన్నాను కానీ, ఎందుకు పడుకున్నారని అడగలేదు పెద్దయ్యా," అన్నాడు.

మొదట లేచింది బేకరీ ఆవిడ. "తెల్లారేసరికి నా పొయ్యి పని అయిపోతుంది," అంది బెంచీ దగ్గర నుంచే. "పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అన్నయ్య దగ్గర నేను కూర్చుంటాను. మాట్లాడమంటే మాట్లాడతాను. ఊరుకోమంటే," ఆగి ముక్కు తుడుచుకుంది, "అది కాస్త కష్టం, అయినా ప్రయత్నిస్తాను."

ఎవరో నవ్వారు, ఏడుపు మధ్యలో నవ్వినట్టు. ఆ నవ్వుతో జనానికి కాళ్లూ చేతులూ వచ్చాయి. ఒకాయన తన కారు గుమ్మం దగ్గరికి తెస్తానని తాళాలు తీసుకున్నాడు. ఒకావిడ కుట్టాల్సిన బట్టలు కొన్ని నాకివ్వు, నేనూ కుడతానంది. నూనె సీసాలు తెచ్చినవాళ్లే వాళ్లంతా. ఏం తేవాలో తెలిస్తే తెచ్చేవాళ్లే.

ఆడపడుచు మాత్రం బెంచీ మీదే తల వంచుకుని కూర్చుంది. పెద్దయ్య పాస్టరుగారి చెయ్యి పట్టుకుని మెట్టు దిగి, తూలుకుంటూ ఆవిడ దగ్గరికే వెళ్లాడు.

"అక్కా, నీ పరువు తీశానా?"

"నోర్ముయ్ రా," అంది ఆవిడ. తలెత్తలేదు. చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. తల మీద చెయ్యి వేసింది. ఆ చర్చిలో ఆవిడ ప్రార్థన మొదలుపెడితే పిల్లలు నిద్రపోతారని పేరు, అంత పొడుగు. అందరూ తలలు వంచారు.

"ప్రభువా," అంది. "మా తమ్ముడి మనసుకి జబ్బు చేసింది."

అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత ఏమనాలో ఆవిడకి రాలేదు. ఆ జబ్బు కోసం ఆవిడ ఎప్పుడూ ప్రార్థన చెయ్యలేదు మరి. ఆయన తల ఆవిడ భుజం మీద వాలింది. నెలల తరబడి గొంతులో అడ్డం పడి ఉన్నది బయటికొచ్చింది.

"నాకు చాలా భయంగా ఉందే అక్కా."

"నాకూ ఉందిరా," అంది ఆవిడ వీపు నిమురుతూ. "పద. కారు వచ్చింది. నేనూ వస్తాను."

కూతురు వచ్చి తండ్రి రెండో చెయ్యి పట్టుకుంది. ముగ్గురూ గుమ్మం వైపు కదిలారు. బేకరీ ఆవిడ ముందు నడుస్తూ దారి చేస్తోంది. టైలరమ్మ ఇంకా మైకు దగ్గరే నిలబడి ఉంది. డాక్టరు ఏమంటాడో, మందులు పనిచేస్తాయో లేదో, ఆ మనిషి మళ్లీ నవ్వుతాడో లేదో ఆవిడకేం తెలుసు? కాని ఆయనకి అటొకరు ఇటొకరు ఉన్నారు, ముందొకరు వెనకొకరు ఉన్నారు. అంతమంది కళ్లు ఆయన మీద ఉన్నాయి. ఎన్నో రోజుల తర్వాత ఆవిడ ఆయన మీద నుంచి తన చూపు తిప్పుకోగలిగింది. తిప్పుకుని, అక్కడే మెట్టు మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని, అందరికీ వినపడేలా ఏడ్చింది.